పినపాక దారిన సైకిల్: ఒక సింహావలోకనం

అడవికీ గోదారికీ మధ్య ఉన్న ఊళ్లలో ఏ బండి నిలబడుతుందో తేల్చేది దుకాణం కాదు, దారి. మణుగూరు నుంచి ఏడూళ్ల బయ్యారం క్రాస్‌రోడ్డు మీదుగా మంగపేట, ఏటూరునాగారం వైపు పోయే తారురోడ్డు పినపాక మండలానికి వెన్నెముక. దాన్నుంచి పక్కకు తిరిగితే కోయ గుంపులకు పోయే ఎర్రమట్టి బాటలు. ఇంకోవైపు దిగితే గోదారి ఒడ్డు చేలు; వానపడ్డ నాడు ఆ నల్లరేగడి చక్రాన్ని పట్టుకుంటే వదలదు. ఇన్ని రకాల నేల మీద, ఎడ్లబండి తర్వాత, ఎక్కువ కాలం నిలిచిన బండి నల్ల సైకిల్. గేర్లూ షాకులూ ఉన్న సైకిల్ కొనబోయే ఇప్పటి కుర్రవాడికి అది తాతల కాలపు మొరటు సరుకులా కనిపించవచ్చు. నా లెక్కలో మాత్రం సైకిల్ ఎంచుకోవడానికి దాన్ని మించిన పాఠ్యపుస్తకం లేదు. అది ఇక్కడ ఎందుకు నెగ్గిందో, ఎందుకు వెనక్కి తగ్గిందో తెలిస్తే, ఇవాళ ఏది కొనాలో సగం తెలిసినట్టే.

లోకంలో సైకిల్ కథ చప్పున చెప్పేసుకోవచ్చు. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ పెడళ్లు లేని రెండు చక్రాల బండి చేశాడు; నేలను కాళ్లతో తన్నుకుంటూ పోవాలి. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్ తెచ్చాడు. చైను వెనక చక్రానికి చేరింది, మనిషి నేలకు అందే ఎత్తులో కూర్చున్నాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు తొడిగాడు. ఇవాళ సంతలో చెట్టుకు ఆనించి కనిపించే సైకిల్‌కూ ఆ రోవర్‌కూ మూలసూత్రంలో తేడా లేదు.

1890లలో సైకిల్ మన దేశానికి దిగుమతై వస్తున్న నాటికి గోదారే ఇక్కడ సరిహద్దు. అవతలి ఒడ్డున భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఇవతల బూర్గంపాడు, పాల్వంచ, పినపాక నిజాం ఏలుబడిలో ఉన్నాయి. అదే ఏలుబడిలోని ఇల్లెందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన 1965లో గానీ రాలేదు. అప్పటిదాకా నది దాటాలంటే పడవే. మనిషితో పాటు పడవలోకి ఎక్కి, అవతలి ఒడ్డున దిగి మళ్లీ మనిషిని మోసే బండి సైకిల్ ఒక్కటే. ఏ కంపెనీ ప్రకటనా చెప్పని గుణం ఇది. నదీతీరపు ఊళ్లకు మాత్రం ఇదే మొదటి గుణం.

తొలినాళ్ల సైకిళ్లన్నీ విలాయతీవి: ర్యాలీ, హంబర్, బీఎస్ఏ, హెర్క్యులిస్. అవి ఉద్యోగస్తుల ఇళ్లలో, షావుకార్ల ఇళ్లలో ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది ఏళ్లలోనే లెక్క మారిపోయింది. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనేపట్‌లో అట్లాస్, అదే దశకంలో అసన్‌సోల్‌లో సెన్‌ర్యాలీ, 1956లో లూధియానాలో హీరో. ముప్పై ఏళ్లు తిరిగేసరికి, 1986లో, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సైకిళ్లు చేసే కంపెనీగా హీరో గిన్నిస్ పుస్తకానికెక్కింది. పేర్లు వేరైనా అందరూ చేసింది ఒకే సైకిల్‌ను: 22 లేదా 24 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, నల్ల రంగు, బంగారు గీతలు, ఇరవై కిలోలకు అటూ ఇటూ బరువు.

ఆ సైకిల్‌ను కాస్త నిలబడి చూడాలి. చక్రం పెద్దది కాబట్టి గుంతలో పడి లేవడం తేలిక. రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి, వెనక కారేజీ మీద బస్తా వేసినా ముందు చక్రం పైకి లేవదు. ఫ్రేము ఉక్కు గొట్టం. విరిగితే నాగళ్లకు వెల్డింగ్ పెట్టే చోటే దానికీ పెట్టించుకోవచ్చు. బ్రేకులకు కేబుళ్లు లేవు, ఇనప కడ్డీలే. ఒక పానాతో బిగించుకోవచ్చు. చైనును పూర్తిగా మూసిన కవరు దుమ్మును రానివ్వదు, పంచెనూ నలగనివ్వదు. ఇరుసుల్లో కప్పు, కోను, బాల్సు. ఏడాదికోసారి వానలు తగ్గాక ఓవరాయిలింగ్ చేయించి గ్రీజు పెడితే మళ్లీ ఏడాది అడగక్కర్లేదు. గేరు ఒక్కటే. ముందు 48 పళ్ల చక్రం, వెనక 18 పళ్ల ఫ్రీవీలు ఉంటే పెడలు ఒక చుట్టు తిరిగేసరికి సైకిల్ ఆరు మీటర్ల దాకా ముందుకు పోతుంది. చదునైన నేల మీద సాగిపోవడానికి అది చాలు. గుట్ట ఎక్కాల్సి వస్తే దిగి నడిపించేవాళ్లు, అందులో నామోషీ ఏమీ లేదు.

లోపాలు లేవని కాదు. వానలో తడిసిన ఉక్కు రిమ్ము మీద బ్రేకు రబ్బరు జారుతుంది; దిగుడులో కాళ్లే బ్రేకులు. నల్లరేగడి మట్టి మడ్‌గార్డు కింద పేరుకుని చక్రాన్ని బిగదీస్తే పుల్లతో గీకి తీయాలి, లేదా సైకిల్‌ను భుజానికెత్తుకోవాలి. వానాకాలంలో చాలామంది మడ్‌గార్డులు ఊడదీసి ఇంట్లో పెట్టేది అందుకే. వీపు మీద బురద చారలు పడితే పడనీ, బండి నడిస్తే చాలు.

సైకిల్ ఇక్కడి బతుకులోకి నిజంగా దిగింది బొగ్గు వెంట, బడి వెంట, సంత వెంట. కొత్తగూడెం, ఇల్లెందు గనుల్లో మొదటి పాళీకి పోయే కార్మికుడికి తెల్లవారుజామున బస్సు దొరకని రోజుల్లో సైకిలే బస్సు. టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు, టార్చిలైటు చేతికి. మణుగూరులో గనులు పడ్డాక ఆ అలవాటు ఇటువైపూ పాకింది. గూడేలకు పోయే పంతులుగారు, పోస్టుమ్యాన్, స్టీలు సామాను అమ్మేవాడు, చీరల మూటవాడు, ఐస్‌ఫ్రూట్ పెట్టెవాడు, అందరికీ అదే. సంత నాడు అడవి వైపు నుంచి ఇప్పపువ్వు, చింతపండు, వెదురు వచ్చేవి. తిరుగు దారిలో ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు. కారేజీ మీద బరువు ఎలా కట్టాలన్నది ఒక విద్య. బరువు వెనక చక్రపు ఇరుసుకు మరీ వెనక్కి పోకూడదు. రెండు పక్కలా సమానంగా వేలాడాలి. పాత ట్యూబును కోసి చేసిన రబ్బరు పట్టీతో బిగించాలి, తాడైతే కుదుపులకు వదులవుతుంది. ఇవాళ వేలు పోసి పక్కసంచులు కొనే దూరప్రయాణీకులకు నేర్పేదీ ఇదే.

సైకిల్ కొనలేనివాడికి కిరాయి దుకాణం ఉండేది. బోర్డు మీద ‘సైకిల్ టాక్సీ’ అని రాసేవారు. గంట లెక్కన అద్దె. వెనక మడ్‌గార్డు మీద దుకాణం పేరూ, సైకిల్ నంబరూ. ఒక తరం పిల్లలు అక్కడి సైకిళ్ల మీదే మోకాళ్లు చెక్కుకున్నారు. సీటు అందదు కాబట్టి ఫ్రేము మధ్యలోంచి ఒక కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి కైంచీ తొక్కేవాళ్లు. ఆ తర్వాత రాడ్డు మీద, ఆ తర్వాతే సీటు. పట్నాల్లోనూ కొన్ని పంచాయతీల్లోనూ సైకిల్‌కు పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాల్సి ఉండేది. రాత్రిపూట దీపం లేకుండా, లేదా డబల్స్ ఎక్కి పోలీసుకు చిక్కితే జరిమానా పడేది. పెళ్లికొడుక్కి వాచీ, రేడియో, సైకిల్ అడిగిన రోజులవి. ఆ జాబితాలో ముగ్గురికీ పనికొచ్చింది సైకిల్ మాత్రమే అని నా అనుమానం: అల్లుడికీ, ఆయన తమ్ముడికీ, చివరికి మామగారికీ.

ఆడవాళ్ల సంగతి వేరు. రాడ్డు లేని లేడీస్ సైకిల్ ఎప్పటినుంచో ఉంది గానీ ఊళ్లో దాని మీద పోయే ఆడపిల్ల చాలాకాలం వింతే. తమిళనాడులో పుదుక్కోట జిల్లా 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్లకు సైకిల్ నేర్పింది. 2006లో బిహార్ హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చే పథకం పెట్టింది. విడిపోయిన ఆంధ్రప్రదేశ్ ఆ తర్వాత ‘బడికొస్తా’ పేరుతో ఇచ్చింది. పదో తరగతి దాకా ఆడపిల్లను బడిలో నిలిపే వాటిలో దూరం ఒకటనీ, ఆ దూరాన్ని చెరిపే చవకైన సాధనం ఇదేననీ ప్రభుత్వాలకు తట్టడానికి వందేళ్లు పట్టింది.

పాత ఖమ్మం జిల్లా సైకిల్ కథలో కొన్ని పేర్లు చెప్పకపోతే తప్పవుతుంది. తెలుగునాట సైకిలెక్కిన నాయకుడనగానే ముందు గుర్తొచ్చేది పుచ్చలపల్లి సుందరయ్య. ఢిల్లీలో పార్లమెంటుకు సైకిల్ మీదే వెళ్లారు. ఆ దారిలో నడిచినవాళ్లు ఖమ్మం ఏజెన్సీలో ఉన్నారు. భద్రాచలం నుంచి 1985, 1989, 1994లలో గెలిచిన సీపీఎం ఎమ్మెల్యే కుంజా బొజ్జి ఒకరు. ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య ఇంకొకరు. అసెంబ్లీకి ఆర్టీసీ బస్సులో, ఊళ్లలో సైకిల్ మీద. 1983 ఎన్నికల్లో రాష్ట్రమంతా సైకిల్ గుర్తు ఊపేసింది. 1982లో పుట్టిన తెలుగుదేశం ఆ గుర్తుతో తొమ్మిది నెలల్లో గద్దెనెక్కింది. దాని అధినేత ఎన్టీఆర్ ఊరూరా తిరిగింది మాత్రం షెవర్లే వ్యానును మార్చి చేసిన చైతన్య రథం మీద. అదే ఎన్నికల్లో ఇల్లెందులో నెగ్గిన నర్సయ్యది సైకిల్ గుర్తు కాదు, ఆయన కిందున్నది మాత్రం సైకిలే.

ఇంకొకాయన రాజకీయాలకు దూరం. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య, జనం నోట వనజీవి రామయ్య. సైకిల్‌కు మొక్కలు, విత్తనాల సంచీ కట్టుకుని, రోడ్డు పక్కన ఖాళీ నేల కనిపించినచోట దిగి నాటుతూ దశాబ్దాలు తిరిగారు. కోటికి పైగా మొక్కలు నాటారని ప్రసిద్ధి. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. బస్సులో పోయేవాడికి ఖాళీ నేల కనిపించదు, నడిచేవాడు అంత దూరం పోలేడు. ఆ పనికి సైకిలే సరైన వేగమని నాకనిపిస్తుంది.

వెనుకంజ ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం కాదు. 1980లో టీవీఎస్ 50 వచ్చింది, 1985లో హీరో హోండా. కారేజీ మీద బస్తా వేసుకునే పనిని మోపెడ్, ఊరి నుంచి ఊరికి పోయే పనిని మోటార్‌సైకిల్ లాక్కున్నాయి. షేర్ ఆటో మిగిలింది పట్టుకుపోయింది. 2011 జనగణన నాటికి దేశంలో 44.8 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. తక్కువేం కాదు, కానీ ఇటు చాలా ఇళ్లలో అది బడిపిల్లల బండిగా మిగిలింది. సైకిల్ టాక్సీ దుకాణాలు పంచర్ షాపులయ్యాయి. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ మూతపడింది.

సరిగ్గా అప్పుడే పట్నాల్లో సైకిల్ తిరిగి లేచింది, ఈసారి ఆరోగ్యం పేరుతో, ఆనందం పేరుతో. హైదరాబాద్‌లో 2023 అక్టోబరులో ఔటర్ రింగురోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. బ్రెవే అనే దూరప్రయాణాలకు పేర్లు ఇచ్చేవాళ్లు పెరిగారు. అందులో 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 నలభై గంటల్లో పూర్తిచేయాలి. గెలుపోటములు లేవు, గడువులోగా చేరడమే. నచ్చే ఆట. పైగా 1923లో బొంబాయి నుంచి బయల్దేరి సైకిళ్ల మీద లోకం చుట్టి 1928లో తిరిగొచ్చిన పార్సీ యువకుల్ని తలచుకుంటే, దూరం అనేది ఈ దేశపు సైకిల్‌కు కొత్తేం కాదు.

ఇక కొనే మాట. మణుగూరులోనో కొత్తగూడెంలోనో దుకాణానికి పోతే ముందుకు తోసేది లావు టైర్లు, ముందూ వెనకా షాకులు, 21 గేర్లు, డిస్క్ బ్రేకుల సైకిల్. చూపుకు మోటార్‌సైకిల్‌లా ఉంటుంది, పిల్లవాడు దాన్నే అడుగుతాడు. నా సలహా అడిగితే, చవకరకం షాకుల్ని వద్దంటాను. వాటి బరువు ఎక్కువ, కాలి బలాన్ని అవే మింగేస్తాయి, రెండు వానాకాలాలకు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. గేర్లు మార్చే యంత్రం వెనక చక్రం పక్కన వేలాడుతుంది. సైకిల్ ఒకసారి ఆ పక్కకు పడితే దాన్ని మోసే కొక్కెం వంగి చైను పుల్లల్లోకి దూరుతుంది. దాన్ని సరిచేసే చెయ్యి ఊళ్లో ఉందా అన్నదే ప్రశ్న. పినపాక నుంచి మణుగూరు దాకా రోజూ పోయివచ్చేవాడికి గట్టి ఉక్కు ఫ్రేము, కదలని ఫోర్కు, మధ్యరకం వెడల్పు టైర్లు, అల్యూమినియం రిమ్ములు, కేబుల్ బ్రేకులు చాలు. గేర్లు కావాలంటే వెనక ఏడు, ముందు ఒకటి. నేలకు ఒక కాలు ఆనేలా సీటు దించుకోవడం ఇక్కడ అందరి అలవాటు. మోకాళ్ల నొప్పి అక్కడే మొదలవుతుంది. పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తాలి. రాడ్డు ఉన్న ఫ్రేమైతే, రెండు కాళ్లూ నేలన పెట్టి నిలబడ్డప్పుడు రాడ్డుకూ ఒంటికీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. చీర కట్టే వాళ్లకూ, కాలు ఎత్తి వేయలేని పెద్దవాళ్లకూ రాడ్డు లేని ఫ్రేమే మేలు, ఎవరేమన్నా సరే.

చిన్నదనిపించే ఒక సంగతి మీద ఇంకాస్త ఆగుతాను: గాలి వాల్వు. నల్ల సైకిల్ వాల్వులో చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, వాల్‌ట్యూబు. అది చితికితే గాలి నిలవదు, కొత్తది చిటికెలో మారుతుంది. ఊళ్లోని ఏ సైకిల్ పంపుతోనైనా గాలి కొట్టొచ్చు. కొత్త సైకిళ్లలో చాలావాటికి మోటార్‌సైకిల్ వాల్వే ఉంటుంది. దానికి పెట్రోలు బంకులోనూ గాలి దొరుకుతుంది. ఖరీదైన సన్నటైర్ల సైకిళ్లకు మాత్రం సన్నని, కొసన తిప్పి వదులు చేయాల్సిన వాల్వు ఉంటుంది. దానికి ఏడూళ్ల బయ్యారంలో పంపు ముక్కు అతకదు. అలాంటి సైకిలే కావాలంటే ఒక ఇత్తడి అడాప్టర్ సంచీలో వేసుకోవాలి. దానితో పాటు ఒక ట్యూబు, పంపు, రెండు టైరు లివర్లు, సొల్యూషన్, ప్యాచీలు. ఇక్కడి బాటల మీద పల్లేరుకాయలు, తుమ్మముళ్లు తప్పవు. టైరుకూ ట్యూబుకూ మధ్య పాత ట్యూబు పట్టీ వేయడం పాత పద్ధతి. కొంచెం బరువు పెరుగుతుంది గానీ పని చేస్తుంది.

దీపంతో పూర్వం బాధే. డైనమో టైరుకు రాసుకుంటూ తిరిగేది, తొక్కుడు బరువెక్కేది, ఎక్కడ ఆగితే అక్కడే వెలుతురు ఆరిపోయేది. ఇవాళ ఛార్జింగ్ లైట్లు చవక. వెనక ఎర్రదీపం, పెడళ్లకూ చక్రాలకూ మెరిసే రిఫ్లెక్టర్లు, తలకు హెల్మెట్ తప్పనిసరిగా ఉండాలంటాను. ఎందుకంటే ఈ రోడ్డు మారిపోయింది. మణుగూరు బొగ్గు, గోదారి ఇసుక, 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం; వీటి బరువంతా లారీల మీద ఇదే రోడ్డు మీద పోతోంది. నల్ల సైకిల్ నడిచిన నాటి ఖాళీ రోడ్డు కాదిది. రోడ్డు పక్కన మట్టి అంచు తారు కంటే కిందికి ఉంటుంది. లారీ హారన్‌కు ఉలిక్కిపడి దిగితే చక్రం జారుతుంది. వెనక చూసుకోవడానికి హ్యాండిల్ అద్దం ఒకటి పెట్టుకున్నవాడిని చూసి నవ్వేవాళ్లున్నారు, నవ్వనివ్వండి.

సరదాకు తొక్కాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ నేల సైకిల్‌కు స్వర్గం. పొగమంచు వీడుతుండగా మంగపేట వైపు పోతే మల్లూరు గుట్ట మీది నరసింహస్వామి దర్శనం అవుతుంది. వంతెన దాటి భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా పర్ణశాల దాకా 35 కిలోమీటర్లు. చాలామటుకు చదును దారి, గోదారి కనుచూపు మేరలో, మధ్యలో టీ కొట్లు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఒకవైపు తొక్కి, తిరుగు దారికి ఆటో పైన సైకిల్ కట్టేయించుకున్నా తప్పులేదు. మార్చి చివర నుంచి లెక్క వేరు. కొత్తగూడెం వైపు ఎండ రాష్ట్రంలోనే పేరుమోసింది. పొద్దున ఎనిమిదికల్లా ఇంటికి చేరాలి, సీసాలో నీళ్లతో పాటు చిటికెడు ఉప్పు ఉండాలి. అలాగని అడవి బాటల్లో మరీ చీకటితో బయల్దేరడమూ మంచిది కాదు. అది ఇప్పపూలు రాలే కాలం. ఆ పూల కోసం ఎలుగుబంట్లు చెట్ల కిందికి వస్తాయి. పూలు ఏరడానికి పోయే కోయవాళ్లు గుంపుగా, మాట్లాడుకుంటూ పోతారు. సైకిల్ చప్పుడు చేయని బండి కాబట్టి మలుపు మలుపుకూ బెల్లు కొట్టడం మరవకూడదు.